శనివారం వించి ఎక్కనన్న సింహాచలం

నా ఉద్యోగానికి కాయితాల మీద సూపర్‌వైజరని పేరు. రోజూ చేసిన పని మాత్రం అనుమానపడటం. ముప్ఫై ఏళ్లు ఆ పని శ్రద్ధగా చేశాను. ఇప్పటికీ పాలవాడు నవ్వుతూ వస్తే గిన్నెలోకి తొంగి చూస్తాను. మా ఆవిడ తిడుతుంది. అలవాటు పోదు.

విశాఖపట్నం రేవులో ఓడల్లోకి సరుకు ఎక్కించి, దించే ఒక ప్రైవేటు కంపెనీలో చేశాను. దాని పేరు చెప్పను. ఇప్పుడా కంపెనీ లేదు, ఉన్న రోజుల్లో కూడా పేరు చెప్పుకునేంత గొప్పదేం కాదు. మొన్న మా చర్చిలో ఇద్దరు కుర్రాళ్లు ఇలాంటి ఉద్యోగాల్లోనే చేరుతూ, "అంకుల్, మాకు పనికొచ్చేవి నాలుగు రాసివ్వండి" అన్నారు. నా ప్రమోషన్లు మీకెందుకు? అవి ఎలా వస్తాయో మీరే కనిపెడతారు, మీరేం అమాయకులు కారు. నేను పొరపాటు చేసిన ఒక సంగతి రాస్తాను. చదివాక నన్ను చర్చిలో పలకరిస్తారో లేదో మీ ఇష్టం.

ముందు పని ఎలా ఉండేదో చెప్పాలి. ఓడ మీద వించి అని ఓ యంత్రం ఉంటుంది. బస్తాల్ని వలలో కట్టి తాడుతో పైకి లేపి ఒడ్డున దించుతుంది. దాన్ని నడిపేవాడికి ఓడ కడుపులో ఏముందో కనబడదు. ఆ కడుపునే గోదాం అంటాం, దాని నోటి దగ్గర ఇంకొకడు నిలబడి చేతుల్తో సైగలు చేస్తాడు. లేపు, ఆపు, దించు. కింద పదిమంది మనుషులుంటారు. ఆ సైగని నమ్మి వించి తిప్పాలి, అనుమానిస్తే పని నడవదు. మొత్తం రేవులో అనుమానం లేకుండా జరిగే పని అదొక్కటే అని నాకు అప్పుడు తట్టలేదు.

పరమేశం గారి బడి

నాకు ఉద్యోగం నేర్పింది మా లేబర్ ఆఫీసరు పరమేశం గారు. సన్నగా, తెల్లచొక్కాలో, ఎప్పుడూ లవంగం నములుతూ ఉండేవారు. చేరిన వారంలోనే కూచోబెట్టి చెప్పారు. "సత్యానందం, సెలవడిగేవాడు చెప్పే కారణం వినకు. వాడి కాళ్లు చూడు. అబద్ధమాడేవాడు తలుపు వైపు కాలు పెట్టి నిలబడతాడు."

నవ్వకండి. ఆయన మాట నిజమైన రోజులున్నాయి. ఒకడు చెయ్యి నలిగిందని కట్టు కట్టుకుని వచ్చి మూడు రోజులు సెలవడిగాడు. ఇచ్చాను. మర్నాడు చీటీ మీద సంతకానికొస్తే కట్టు రెండో చేతికుంది. "ఏరా, నొప్పి అటునుంచి ఇటొచ్చిందా?" అంటే, వాడు నిమ్మళంగా రెండు చేతులూ చూసుకుని, "మా ఆడది కట్టినాది బాబూ, దానికి తెలీదు" అన్నాడు.

నిజం కాని రోజులూ ఉన్నాయి. పెందుర్తి నుంచి వచ్చేవాడొకడు, పెళ్లానికి నొప్పులొస్తున్నాయని పరుగెత్తాడు. నాకు అనుమానమేసి వాచ్‌మన్‌ని వెనకే పంపాను. సాయంత్రం వాచ్‌మన్ మిఠాయి నములుతూ తిరిగొచ్చాడు. "మగబిడ్డండి" అని నాక్కూడా ఒకటిచ్చాడు. ఆ మిఠాయి తిన్నాను కానీ బుద్ధి తెచ్చుకోలేదు. పది మందిని అనుమానిస్తే ఇద్దరైనా దొరుకుతారు కదా, ఆ ఇద్దర్నే గుర్తుపెట్టుకుని మిగతా ఎనిమిది మందినీ మర్చిపోతాం. ఈ ఉద్యోగంలో ఉన్న విషం అదే.

ఉన్నట్టుండి సబ్బాతు

సింహాచలం మా వించి డ్రైవర్లలో మొదటివాడు. ఎలమంచిలి దగ్గర పల్లె నుంచి వచ్చిన రైతు బిడ్డ, కాపురం కంచరపాలెంలో. గోధుమ బస్తాల వల దించితే కింద గుడ్డు పెట్టినా చితకదనేవారు గ్యాంగు వాళ్లు. గోదాం నోటి దగ్గర సైగలు చేసేవాడు ఖాదర్, పాతపట్నం సాయిబు. ఇద్దరూ ఒకర్నొకరు "బావా" అని పిలుచుకునేవారు. ఆ జంట ఉన్న ఓడ ఒక పూట ముందే ఖాళీ అయ్యేది.

డెబ్భై ఎనిమిదో, తొమ్మిదో, ఒక గురువారం సింహాచలం నా బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు.

"బాబూ, ఇకనించి సనివారం నాను పన్సెయ్యలేను."

"ఏం, అప్పన్నకి మొక్కుకున్నావా?" అన్నాను. పేరు సింహాచలం, అడిగింది శనివారం. ఎవరైనా అదే అడుగుతారు.

"కాదు బాబూ. నానూ మా ఇంటిదీ బాప్తీసం తీసుకున్నాం. సుక్రవారం పొద్దుగూకిన కాడినించి సనివారం పొద్దుగూకేదాకా మాకు విశ్రాంతి దినం. సబ్బాతు. ఆదివారం సేత్తాను. రెండు షిఫ్టులైనా సేత్తాను. సనివారం పొద్దుగూకినాక పిలిసినా వొత్తాను."

నేను మూడు తరాల క్రైస్తవుణ్ణి. మా తాత చర్చి కట్టడానికి రాళ్లు మోశాడు. నాకు తెలిసిన క్రైస్తవులంతా ఆదివారం చర్చికెళ్లేవాళ్లే. ఈ శనివారం సంఘం వాళ్లు మా వీధుల్లో తిరగడం మొదలెట్టి అప్పటికి రెండేళ్లయింది. మా చర్చిలోంచి నాలుగు కుటుంబాలు అటు వెళ్లిపోయాయి. మా పాస్టరు గారు వాళ్లని గొర్రెల దొంగలనేవారు. అలాంటిది, నిన్నగాక మొన్న బాప్తీసం తీసుకున్నవాడు, పేరు కూడా మార్చుకోనివాడు, నాకు దేవుడి రోజు ఏదో చెప్తాడా? ఒళ్లు మండిపోయింది. వాడి కాళ్ల వైపు చూశాను. రెండు కాళ్లూ నా బల్ల వైపే ఉన్నాయి. బాగా తర్ఫీదయ్యాడనుకున్నాను!

"చూద్దాంలే" అన్నాను. కొన్ని వారాలు ఇంకో డ్రైవరుతో మార్చి సర్దాను. సర్దుతున్నానే గానీ లోపల పురుగు తొలుస్తూనే ఉంది. కంచరపాలెంలో ఇనప పని చేసే లేతు షాపులు చాలా ఉన్నాయి. వించి నడిపే చేతికి అక్కడ గిరాకీ ఎక్కువ. వీడు శనివారాలు అక్కడ పన్చేస్తూ ఇక్కడ దేవుడి పేరు చెప్తున్నాడని తీర్మానించుకున్నాను. సాక్ష్యం అక్కర్లేకుండానే తీర్మానం అయిపోయింది, ఇక సాక్ష్యం వెతుక్కోవడమే తరువాయి.

కంచరపాలెంలో నాలుగు టీలు

ఒక శనివారం నేనే సెలవు పెట్టుకుని మరీ వెళ్లాను. సింహాచలం ఇంటికెదురుగా రైలు పట్టాల పక్కన ఒక టీ బడ్డీ ఉంది. అక్కడ బెంచీ మీద కూచుని పేపరు అడ్డం పెట్టుకున్నాను. ఒక టీ, రెండో టీ. తొమ్మిదింటికి సింహాచలం, పెళ్లాం నూకరత్నం తెల్లబట్టలు కట్టుకుని ఎటో వెళ్లారు. వెనకాలే వెళ్లాను. పక్క సందులో రేకుల షెడ్డు, అందులో పాటలు. బయట చెప్పుల వరసలో వాళ్లవీ ఉన్నాయి. వెనక్కొచ్చి మూడో టీ తాగాను. పన్నెండింటికి తిరిగొచ్చారు. నాలుగో టీ తాగుతుంటే బడ్డీవాడు అడిగాడు, "ఎవులి కోసం బాబూ, అప్పులోళ్లా?"

నేను జవాబు వెతుక్కునేలోపు ఎదుటి తలుపు తెరుచుకుంది. సింహాచలమే.

"బాబూ! పొద్దున్నించి ఎండలో కూకున్నారేటి? లోపలికి రండి."

పేపరు తిరగేసి పట్టుకున్నానేమోనని ఓసారి చూసుకుని లేచాను. సిగ్గు పడ్డానని రాయాలి. పడలేదు. దొరికిపోయినందుకు కోపం వచ్చింది.

ఇంట్లో పొయ్యి చల్లగా ఉంది. ముందురోజే వండి పెట్టుకున్న పులిహోర, పెరుగన్నం పెట్టింది నూకరత్నం. తింటూ అన్నాను, "ఇదంతా యూదుల పద్ధతిరా. క్రీస్తు సమాధిలోంచి లేచింది ఆదివారం. అందుకే మనకి ఆదివారం."

"లేసింది ఆదివారమే బాబూ, కాదన్లేదు. లేసినాయన రోజు మార్సమని ఎక్కడైనా సెప్పినాడా? పది ఆజ్ఞలున్నాయి. తొమ్మిది ఉంచుకుని నాలుగోది, ఆ సబ్బాతుది, ఎలాగ ఒగ్గెత్తాం?"

"క్రీస్తు వచ్చాక ఆ పాత ధర్మశాస్త్రం కొట్టేశారు. ఇప్పుడంతా కృప."

"మరైతే దొంగతనం సెయ్యొచ్చేటి?"

నూకరత్నం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను నా చిట్టచివరి బాణం తీశాను. "పండగల గురించీ సబ్బాతు గురించీ ఒకళ్ల మీద ఒకళ్లు తీర్పు తీర్చుకోవద్దని బైబిల్లో పౌలు గారు రాశారు. తెలుసా?"

సింహాచలం తల గోక్కుని నెమ్మదిగా అన్నాడు. "అదే కదా బాబూ. తీర్పు తీర్సొద్దన్నాడు కదా. మరి మీరెందుకొచ్చేరు?"

పులిహోర గొంతులో అడ్డం పడింది. నూకరత్నం మంచినీళ్లిచ్చింది.

ఇంటికొస్తూ దారంతా వాడి మాటలకి జవాబులు కట్టుకుంటూనే ఉన్నాను. మూడు తరాల క్రైస్తవుణ్ణి, ఒక్క జవాబూ నిలబడలేదు. దానికంటే నన్ను కుట్టిన సంగతి ఇంకోటుంది, ఇప్పుడు దాచడం ఎందుకు? ఓడొస్తే నేను ఆదివారాలు చర్చి మానేసేవాణ్ణి. ఓవర్‌టైం అంటే ముందుండేవాణ్ణి. ఇన్నేళ్లలో ఒక్కసారైనా "సార్, ఆదివారం నేను రాను" అని అనలేకపోయాను. వాడు నా బల్ల ముందు నిలబడి అనగలిగాడు. అందుకే వాడిది దొంగ భక్తి కావాలని నాకు అంత ఆశ.

సంచీలో దొరికినది

మా గేటు దగ్గర రోజూ సంచీల సోదా ఉండేది. బస్తాలు చిరిగినప్పుడు గుప్పెడు గోధుమలు పట్టుకుపోతారని. ఒక శుక్రవారం సోదాకి నేనే నిలబడ్డాను. సింహాచలం టిఫిన్ సంచీ బోర్లించాను. కారియరు, తువ్వాలు, ఒక పుస్తకం కింద పడ్డాయి. పుస్తకం తీసి చూశాను. ఆ ఏటి పంచాంగం!

నాకు పట్టరాని సంతోషమేసింది. రాసుకుంటూంటే సిగ్గేస్తోంది కానీ, సంతోషమే. పంచాంగం చూసే క్రైస్తవుడా? తిథులూ వర్జ్యాలూ రాహుకాలాలూ చూసుకుంటూ శనివారం సబ్బాతంట! మా ఇంట్లో అయితే పంచాంగం గుమ్మం దాటి లోపలికి రాదు. పెళ్లికి ముహూర్తం మాట ఎత్తాడని మా మావయ్యతో మా నాన్న ఏడాది మాట్లాడలేదు.

"ఇదేంటిరా?"

"పొద్దు కోసం బాబూ" అన్నాడు.

"పొద్దు కోసమో, ముహూర్తం కోసమో" అని నేను నవ్వాను. గేటు వాళ్లు నవ్వారు. వాడు పుస్తకం దులుపుకుని సంచీలో పెట్టుకున్నాడు. లోపల ఏం చూసుకుంటాడో అని ఒక్క పేజీ కూడా తిప్పలేదు నేను. తిప్పితే తెలిసేది.

మూడు జవాబులు

ఆ తరవాతి నెలలో ఒకే వారం రెండు ఓడలొచ్చాయి. ఒక డ్రైవరు జ్వరంతో పడుకున్నాడు. శనివారం సింహాచలాన్ని రమ్మని చీటీ పంపాం. రాలేదు. ఓడ సగం సరుకుతో నిలిచిపోయింది. పరమేశం గారు ఆ చీటీకి పాత శనివారాలన్నీ జతచేసి ఛార్జిషీటిచ్చారు. కావాలని గైర్హాజరు, సాకుగా మతం. విచారణకి బయటి నుంచి ఒక ప్లీడరు గారిని పెట్టారు. సింహాచలం పర్మనెంటు మనిషి. తప్పు రుజువైతే ఉద్యోగం పోతుందని అందరికీ తెలుసు.

నన్ను సాక్షిగా పిలిచారు. ప్లీడరు గారికి క్రైస్తవులంటే అందరూ ఒకటే. సంఘాలు వేరనీ, ఒకరి పద్ధతి ఇంకొకరికి ఉండదనీ ఆయనకి తెలీదు. మాకు తెలుసు. సింహాచలాన్ని పక్కనపెడితే, తెలిసినవాణ్ణి ఆ గదిలో నేనొక్కణ్ణే.

"సత్యానందం గారూ, మీరూ క్రైస్తవులే కదా? మీ మతంలో శనివారం పని చెయ్యకూడదని ఉందా?"

"లేదండి."

"ఇతని దగ్గర పంచాంగం దొరికిందా?"

"దొరికిందండి."

"క్రైస్తవులు పంచాంగం చూస్తారా?"

"చూడరండి."

మూడు ముక్కలు. గుమాస్తా టకటకా టైపు కొట్టేశాడు. నన్నేదైనా అడుగుతావా అని సింహాచలాన్ని అడిగారు. వాడు లేచి నా వైపు చూశాడు. కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగాడు.

"బాబూ, ఆదివారం ఓడొత్తే మీరు సర్చికి ఎల్తారా, ఓడకొత్తారా?"

"డ్యూటీ ఉంటే డ్యూటీకే వస్తాను" అన్నాను.

"అదీ పద్ధతి" అన్నారు ప్లీడరు గారు. పరమేశం గారు లవంగం నములుతూ తలాడించారు. నా ఛాతీ కాస్త పొంగింది. ఆ పొంగు ఎంతసేపుందో గుర్తు లేదు గానీ ఉండటం మాత్రం ఉంది.

రెండు వారాలకి డిస్మిస్ ఆర్డరొచ్చింది. పైవాళ్లకి అప్పీలు పెట్టుకోవడానికి గడువిచ్చారు. ఆ గడువు ఒక శనివారం సాయంత్రం అయిదింటితో సరి.

ఖాదర్ అడిగిన మాట

గడువు రోజు పొద్దున్న, ఓడ మీద ఖాదర్ నా దగ్గరికొచ్చాడు. సింహాచలం వెళ్లిపోయినప్పటినుంచి నాతో మాట్లాడటం మానేసినవాడు.

"సాబ్, నాను ప్రతి సుక్రవారం నమాజుకి గంట ఎలిపోతాను కదా. ఎప్పుడైనా నన్నడిగేరా, నిజంగా మసీదుకే ఎల్తన్నావా అని?"

"ఎందుకడుగుతాను? అది మీ మతం కదా."

"మరి బావని ఎందుకడిగేరు?"

వాడే అన్నాడు. "ఆ పంచాంగం సంగతి కూడా మీకు తెల్దు. ఆల్ల సంఘం కేలండర్లో పొద్దుగూకే టైం మద్రాసుది సాబ్. మనకి అంతకంటే ముందే గూకుతాది. మబ్బేత్తే సూరీడు కనబడ్డు. అందుకని బావ ఏటా ఉగాదికి పంచాంగం కొంటాడు. సుక్రవారం సుక్రవారం పెన్సిల్ గీత ఎట్టుకుంటాడు. రంజాన్ నెల్లో ఉపాసం ఇడిసేదానికి నానూ అందులోనే సూసుకుంటాను. ఇద్దరం ఇక్కడే, ఈ వించి పక్కనే కూకుని సూసేవోళ్లం."

పొద్దు కోసం. గేటు దగ్గర వాడన్న మాట అదే. నా చెవులతో విన్నాను, విని నవ్వాను.

అక్కడే బస్తా మీద కూలబడ్డాను. ఖాదర్ మంచినీళ్లు తెమ్మని ఎవరికీ చెప్పలేదు. మళ్లీ గోదాం నోటి దగ్గరికి పోయి సైగలు మొదలెట్టాడు.

శనివారం మధ్యాహ్నం

ఆఫీసుకి పరుగెత్తి నేనే అప్పీలు టైపు చేశాను. అందులో పంచాంగం సంగతి వివరంగా పెట్టాను. సంతకం చోటు ఖాళీ ఉంచి ఆటో ఎక్కి కంచరపాలెం వెళ్లాను. అప్పటికి రెండున్నర. బడ్డీవాడు నన్ను గుర్తుపట్టి గ్లాసు తీయబోయాడు. ఆగలేదు.

సింహాచలం పిల్లలతో చాప మీద కూచుని ఉన్నాడు. కాయితం చదివి వినిపించాను. చివరంటా విన్నాడు.

"ఇక్కడ సంతకం పెట్టు. అయిదులోపల ఇచ్చేయాలి."

వాడు కాయితం వంక చూడలేదు, నా మొహంలోకి చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. ముప్ఫై ఏళ్లు నేను జనాన్ని చూసిన చూపే.

"ఇయాల సనివారం బాబూ."

"తెలుసు. కానీ గడువు ఇవాళ్టితో..."

"సనివారం ఉద్యోగం కాయితం మీద సంతకం ఎడితే, రేపు మీరే సూపిత్తారు. సూడండి, సనివారం పని సేసినాడు, ఈడిది దొంగ సబ్బాతు అని. ఆ పరమేశం బాబు పంపినాడా మిమ్మల్ని?"

"ఒట్టురా! నా అంతట నేనొచ్చాను. నన్ను నమ్ము."

"ఏటి సూసి నమ్మమంటారు బాబూ?"

టీ బడ్డీ దగ్గర కాపు కాసినవాణ్ణి. సంచీ బోర్లించినవాణ్ణి. లేదండి, దొరికిందండి, చూడరండి అన్నవాణ్ణి. వాడి స్థానంలో నేనుంటే నేనూ నమ్మను. "ఎవరికీ చూపించను, ఒక్క సంతకం, పిల్లల మొహం చూసైనా" అని బతిమాలాను. వాడు తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. పొద్దుగూకినాక పెడతానన్నాడు. పొద్దుగూకేసరికి ఆఫీసు తాళం పడుతుంది.

గుమ్మం దగ్గర నిలబడి అంతా వింటున్న నూకరత్నం అప్పుడంది.

"బాబూ, ఆయన సంతకం సరే. ఆ రోజు సాచ్చికం సెప్పింది మీరు కదా. సెప్పింది తప్పని మీరే రాసి, మీరే సంతకం ఎట్టి ఇచ్చేయొచ్చు కదా? మీకు సనివారం అడ్డం నేదు కదా?"

"అదీ నిజమే" అన్నాను. ఆ మాటని దారంతా వల్లించుకుంటూ ఆఫీసుకొచ్చాను. నాలుగున్నర. తెల్లకాయితం తీశాను. విచారణలో నేను చెప్పింది సరికాదని, వాళ్ల సంఘం వారికి శనివారం విశ్రాంతి దినమేనని, అది నాకు ముందే తెలుసునని రాశాను. అంతవరకూ చెయ్యి బాగానే నడిచింది.

సంతకం దగ్గరకొచ్చేసరికి ఆగాను. "ముందే తెలుసు" అని రాశాక పరమేశం గారు ఏమంటారు? ఇద్దరూ క్రైస్తవులు, కూడబలుక్కున్నారంటారు. ఇన్నాళ్లూ వాడి శనివారాలు సర్దింది కూడా నువ్వేగా అంటారు. నా కాళ్లు ఎటున్నాయో చూస్తారు. జనాన్ని అనుమానించి బతికినవాడికి, తనని ఒకడు అనుమానిస్తాడంటే ఎంత భయమో మీకు తెలీదు. గడియారం వైపే చూస్తూ కూచున్నాను. అయిదుకి అయిదు నిమిషాలుందనగా పరమేశం గారే గదిలోంచి బయటికొచ్చారు.

"ఏంటి సత్యానందం, ఇంకా ఉన్నావు? ఏదైనా ఇవ్వాలా?"

"ఏం లేదు సార్" అన్నాను. కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

మర్నాడు ఆదివారం ఓడ లేదు. చర్చికెళ్లాను. నెలకోసారి మా దగ్గర పది ఆజ్ఞలూ అందరం నిలబడి చెప్తాం. నాలుగోది గట్టిగానే చెప్పాను. పొరుగువాడి మీద అబద్ధసాక్ష్యం చెప్పకూడదన్న తొమ్మిదోది వచ్చేసరికి పాటల పుస్తకంలో పేజీలు వెతుక్కున్నాను. మా ఆవిడ నా వైపు తిరిగి చూసింది.

సింహాచలం తరవాత ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న చోట కాంట్రాక్టరు దగ్గర రోజుకూలీకి క్రేను నడిపాడని ఖాదర్ వల్ల తెలిసింది. రోజుకూలీ ఏ రోజు మానినా ఎవడూ కారణం అడగడు. మానిన రోజు కూలీ ఉండదు, పింఛనూ ఉండదు. ఒకసారి గాజువాక బస్సులో ఎదురుపడ్డాం. "బాగున్నారా బాబూ" అని సీటిచ్చాడు. పక్కన కూచోమంటే దూరంగా వెళ్లి నిలబడ్డాడు.

క్రైస్తవులు శనివారం పాటించాలా, ఆదివారమా అని మీరు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. మొన్న బైబిలు క్లాసులో నన్ను కూడా అడిగారు. నాకు తెలీదు నాయనా. ఆ ప్లీడరు అడిగిన రోజు కూడా తెలీదు. "మా సంఘం పాటించదు, వాళ్ల సంఘం పాటిస్తుంది" అని ఆ రోజు ఉన్నదున్నట్టు చెప్పుంటే సింహాచలం ఇంకో ఇరవై ఏళ్లు వించి తిప్పేవాడు.